వదిన ఆ ఇంట్లోనే ఉంటోంది

యారంబూల్, విక్టోరియా
ఫిబ్రవరి, రెండో ఆదివారం

వదినా,

నీ కోళ్ళు బాగున్నాయి. ముందు వాటి సంగతి రాయకపోతే మిగతా ఉత్తరం చదవవని తెలుసు. ఎర్ర కోడి మాత్రం నా మీద అలిగింది. దాణా పట్టుకుని గేటు తీసినప్పుడల్లా నన్ను దాటి వెనక్కి చూస్తుంది, అసలు మనిషేదీ, ఈ నౌకరెందుకొచ్చాడూ అన్నట్టు.

ఎండలు మండిపోతున్నాయి. గోధుమ గోదాముల దగ్గర లారీల సందడి అయిపోయింది. నేను ఉద్యోగమంతా కూర్చున్న కాటా గదిలో ఇప్పుడొక యంత్రం కూర్చుంటోంది. మొన్న వెళ్ళి ఆ కాటా మీద నిలబడ్డాను. నా బరువు చెప్పలేదు. లారీ కానిదాన్ని అది లెక్కలోకే తీసుకోదట. ఆ గదిలో లారీకీ లారీకీ మధ్య నేను చదివిన పుస్తకాలన్నీ తల్చుకుంటే, పాపం ఆ యంత్రం లారీకీ లారీకీ మధ్య ఏం చేస్తుందా అని జాలేసింది. సరే, ఎక్కడికో పోతున్నాను. అసలు సంగతి వేరే.

గురువారం ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో మీటింగు పెట్టారు. ఇంటికప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకునేవాళ్ళకి ప్రభుత్వం రాయితీ ఇస్తుందట. మిగిలిన ఖర్చులో కొంతకి నాలుగేళ్ళలో తీర్చేలా వడ్డీలేని అప్పు కూడా ఇస్తుందట. పైగా బయట సాసేజీలు కాలుస్తారని బోర్డు పెట్టారు. కుర్చీలు చాలలేదు. నీ ఎదురింటి నోరీన్ ముందు వరసలో చేసంచీ పక్క కుర్చీలో పెట్టుకుని కూర్చుంది.

"రాత్రిపూట పనిచేస్తాయా?" అనడిగింది.

"చెయ్యవండీ. ఎండ ఉండాలి కదా," అంది పథకం గురించి చెప్పడానికొచ్చినావిడ.

"వెన్నెల బాగా కాసినా?"

"అయినా చెయ్యవండీ."

"అలాంటప్పుడు రాత్రిళ్ళకి అప్పు తగ్గించాలి కదమ్మా, సగం రోజే పనిచేసే మనిషికి సగం జీతమేగా ఇస్తాం?"

హాలంతా చప్పట్లు. ఆవిడ నీళ్ళు తాగింది.

నేను నా ఇంటికి పెట్టించుకుంటున్నాను. నీ ఇంటికీ పెట్టిద్దామని నా ఆలోచన. నీ కప్పు ఎండ తగిలే ఉత్తరం వైపుకి ఎంత చక్కగా వాలి ఉంటుందో. రెజ్ అన్న ఏ ముహూర్తాన కట్టాడో గానీ, దాని మీద ఒక్క నీడ పడదు. నువ్వు వద్దంటావని తెలుసు. కానీ వదినా, ఒక మాట. పోయిన చలికాలం ప్రతి బుధవారం నేను భోజనానికొచ్చే వేళకి నువ్వు హీటరు పెట్టేదానివి. నేను ఇల్లు చేరేలోపు కట్టేసేదానివి. నా వంటింటి కిటికీలోంచి నీ గదిలో ఆ ఎర్ర వెలుగు ఆరిపోవడం కనపడేది. నేను తిన్న కూర అరిగేది కాదు. కరెంటు బిల్లు భయం లేకపోతే నువ్వు వెచ్చగా కూర్చుంటావు. నేనూ వెచ్చగా కూర్చుని తింటాను.

షరతు ఒక్కటే. ఇల్లు మన పేర ఉండాలి, ఆ ఇంట్లో మనమే ఉంటూ ఉండాలి. నీకేమిటి, రెండూ ఉన్నాయి. చుట్టపుచూపుగా ఊరెళ్ళినంత మాత్రాన ఇల్లు మారినట్టు కాదుగా. మంగళవారం లైబ్రరీలో జాకీ దగ్గర కూర్చుని నీ దరఖాస్తు మొదలుపెడతాను. నీ ఫోనుకి ఒక అంకె వస్తుంది. అది నాకు పంపించు.

మీ చెల్లెలు విన్నీ తుంటి ఎముక అతుక్కుందా? నువ్వెప్పుడొస్తున్నావు? క్రిస్మస్ ముందు నెల్లాళ్ళని వెళ్ళావు.

నీ మరిది,
క్లారీ


బర్నీ, టాస్మేనియా
మార్చి 3

క్లారీ,

ఎర్ర కోడికి దాణాలో కాస్త గుల్ల పొడి కలుపు. అది అలిగింది నీ మీద కాదు, నీ పిసినారితనం మీద.

ఫోన్లో చెప్పవచ్చుగా అని విన్నీ అంటోంది. నా చెవి మిషను ఫోను దగ్గర పెడితే ఈల వేస్తుందనీ, ఆ ఈలకి నువ్వు "ఎవరదీ, ఎవరదీ" అని అరుస్తావనీ చెప్పాను. మనిద్దరికీ ఉత్తరాలే మర్యాద.

నాకు డెబ్బై ఎనిమిది. ఈ వయసుదానికి నాలుగేళ్ళ వాయిదాల అప్పు ఇస్తామంటున్నారంటే, ప్రభుత్వానికి నా ఆయుష్షు మీద నాకంటే నమ్మకం ఎక్కువన్నమాట. ఆ షరతు ఇంకోసారి చదివించు. ఆ ఇంట్లో ఉండేవాళ్ళకే అన్నావు. నేను ఊళ్ళో లేనుగా మరి? నోరీన్‌నో ఎవరినో పెట్టించుకోమను, నాకెందుకు?

హీటరు సంగతి నీకు తెలుసని నాకు తెలియదు. కిటికీలోంచి చూడ్డం ఏం పని?

ఇక్కడ వాన. పొద్దున వాన, సాయంత్రం వాన, మధ్యాహ్నం వాన వస్తుందేమోనని మబ్బు. విన్నీ కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. చర్చి పాటల బృందంలో ఒకావిడకి గొంతు పోయిందట, ఆవిడ చోట్లో నన్ను నిలబెట్టారు. చెవిటిదాన్నని చెప్పాను. ముందు వరసవాళ్ళంతా అంతే, పర్లేదన్నారు.

నువ్వన్న అంకె వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని కాగితం మీద ఎక్కించి, విన్నీ చేత సరిచూపించి, ఇందులో పెట్టాను. పారేసుకోకు.

డల్సీ


యారంబూల్
ఏప్రిల్, ఈస్టర్ వెళ్ళాక

వదినా,

నీ అంకె భద్రంగా అందింది. జాకీకి చూపించాను. ఆ అమ్మాయి ఒకసారి కాగితం వైపు చూసింది, ఒకసారి కవరు మీద తపాలా ముద్ర వైపు చూసింది, తర్వాత పిల్లల పుస్తకాల అలమార వెనక్కి వెళ్ళి కాసేపు రాలేదు. వచ్చాక కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. ఆ అంకె పది నిమిషాలే బతుకుతుందట. అది సముద్రం దాటి నా దగ్గరికొచ్చే సరికి చచ్చి చాలా రోజులైందన్నమాట. నేనూ కొంచెం చిన్నబుచ్చుకున్నాను. అంత అందంగా రాశావు, ఏడుకి అడ్డగీత కూడా పెట్టావు.

అందుకనే నిన్ను బర్నీ లైబ్రరీకి వెళ్ళమని కార్డు రాశాను. ఇక్కడ నేనూ జాకీ, అక్కడ నువ్వూ, మీ లైబ్రరీలో పనిచేసే ఆ గడ్డమాయనా. వాళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకోవడం, ఆయన నీ చెవిలో అరవడం, నువ్వు "అరవకయ్యా, ఇది లైబ్రరీ" అని కసరడం ఇక్కడికి వినపడ్డాయి. పత్రికలు చదువుకునేవాళ్ళంతా పత్రికలు దించేశారు. మన ఊరి లైబ్రరీలో అంతటి వినోదం ఈమధ్య జరగలేదు.

నువ్వు అక్కడ ఒక్కొక్కటీ నొక్కుతుంటే ఇక్కడ జాకీ తెర మీద పడుతూ వచ్చింది. పేరు. పుట్టిన తేదీ. ఇల్లు నాదే. అన్నీ చకచకా అయిపోయాయి. 'ఈ ఇంట్లోనే ఉంటున్నాను' దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయింది. బర్నీలో ఇంటర్నెట్ నెమ్మది అంది జాకీ. తర్వాత పడింది.

మంజూరు కాగితం నిన్న జాకీ కంప్యూటర్లోకి వచ్చింది. అది రాకుండా కప్పు మీద మేకు కొడితే రాయితీ పోతుందట. అందుకని ప్యానెళ్ళు బిగించే డారెల్‌ని నేనే ఆపి ఉంచాను. "నిచ్చెన ఎక్కనిస్తావా లేదా ముసలాయనా," అని వారంగా గొణుగుతున్నాడు. ఇక ఎక్కవచ్చు.

చలి మొదలయ్యే లోపు వచ్చెయ్యి. నీ ఇంట్లో నువ్వు హీటరు పెట్టి, నేను వెళ్ళాక కూడా పెట్టే ఉంచడం ఒకసారి కిటికీలోంచి చూడాలి. అవును, చూస్తాను. తప్పయితే తప్పే.

క్లారీ


బర్నీ
మే 11

క్లారీ,

ఫొటో అందింది. కప్పు మీద అద్దాలు పరిచినట్టున్నాయి. కొత్త ఇల్లులా ఉంది, నాది కానట్టుంది. చాలా శ్రమపడ్డావు. థాంక్స్ అనే మాట చిన్నదైపోతుంది, అయినా వేరే మాట లేదు.

నా సామాన్ల గదిలో ఖాళీ జామ్ సీసాలున్నాయి, నోరీన్‌కి ఇచ్చెయ్. అల్లిక ఊలు చర్చివాళ్ళకి. కోళ్ళు ఇన్నాళ్ళూ నీ చేతి మేతే తింటున్నాయి గనక ఇంక నీవే అనుకో. గుడ్లకి లెక్క చెప్పనక్కర్లేదు.

విన్నీ బాగానే నడుస్తోంది. ఇక్కడ ఆపిళ్ళు కోతకొచ్చాయి. మా పాటల బృందం వచ్చే నెల పక్క ఊరు ఉల్వర్‌స్టోన్ వెళ్తోంది.

ఇంకేం లేవు విశేషాలు.

డల్సీ


యారంబూల్
జూన్, పొగమంచు వారం

వదినా,

సీసాలు ఇచ్చాను. కోళ్ళు నావంటే నవ్వొచ్చింది. నువ్వు లేనప్పుడు నావి, నువ్వొచ్చాక నీవి, మధ్యలో గుడ్లు ఇద్దరివీ.

ఒక చిక్కొచ్చి పడింది. కంగారుపడకు, నీ బదులు నేను పడుతున్నాను. రాయితీ తీసుకున్న ఇళ్ళల్లో కొన్నిటిని చీటీ తీసినట్టు ఏరి, మనిషిని పంపి చూస్తారట. ప్యానెళ్ళు ఉన్నాయా, ఇంటావిడ ఉందా అని. నీ ఇల్లూ అందులో ఉందని జాకీ కంప్యూటర్లోకి కాగితం వచ్చింది. జూలై నెలాఖరులో సోమవారం వస్తారట. నువ్వు అప్పటికి ఎలాగూ వచ్చేస్తావు గనక భయం లేదు. కానీ మనిషి మనసు చూడు, భయం లేదనుకున్న రోజు నుంచే నిద్ర పట్టలేదు. ఒకవేళ ముందే వచ్చి చూస్తే? ఒకవేళ ఇరుగుపొరుగుని అడిగితే? పొగ రాని గొట్టం, తెర తియ్యని కిటికీ, అన్నిటినీ మించి ఖాళీ బట్టల తీగ. మన ఊళ్ళో సోమవారం పొద్దున తీగ మీద బట్టలు లేని ఇంట్లో మనిషి పోయినట్టు లెక్క కదా.

అందుకని, కోప్పడకు, నీ బట్టలు ఉతికాను.

మురికిగా ఉన్నాయని కాదు. మడతపెట్టినవే తీసి, నీళ్ళల్లో ముంచి, ఆరేశాను. మొదటి సోమవారం దుప్పట్లూ తువ్వాళ్ళూ. అవి ఎవరివైనా కావచ్చుగా, ఇంటావిడ ఉందని వాటితో తేలదు. రెండో సోమవారం ధైర్యం చేసి నీ పూల నైటీలు రెండు వేశాను. కళ్ళు మూసుకుని క్లిప్పులు పెట్టాననుకో. గాలికి అవి ఉబ్బి, ఆ తీగ చుట్టూ నువ్వే ఇద్దరై తిరుగుతున్నట్టు కనపడ్డాయి.

మధ్యాహ్నానికి నోరీన్ వచ్చింది, చేతిలో తను కాల్చిన గుమ్మడి స్కోన్ల పళ్ళెం.

"వచ్చిందటగా డల్సీ! చెప్పనేలేదేం?"

"ఆఁ," అన్నాను. ఒక్క అక్షరం వదినా. అదే నా పతనం.

"ఏదీ, పిలు."

"పడుకుంది. ప్రయాణం బడలిక."

"పడవలో వాంతులయ్యాయా?"

"అయ్యాయి," అన్నాను. నీకు జన్మలో వాంతులు కాలేదు.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. కసాయి కొట్టు ఆయన నీ కోసమని సూపు ఎముకలు పంపాడు. చర్చి నుంచి లామింగ్టన్ కేకులు వచ్చాయి. "అంత నీరసమైతే డాక్టరుకి చూపించు క్లారీ, ఏం మరిదివి నువ్వు" అని కిరాణా కొట్లో చీవాట్లు పెట్టారు. నీ రాక కోసం పంపినవన్నీ నేనే కూర్చుని తింటున్నాను. పారేస్తే నోరీన్ చెత్తడబ్బాలో చూస్తుంది. పిడికెడు గోధుమ తేడాకి కూడా లారీవాళ్ళతో దెబ్బలాడినవాణ్ణి, ఒక్క సంచీ కూడా అటూ ఇటూ రాయనివాణ్ణి. ఇప్పుడు గుమ్మంలోకొచ్చిన ప్రతి మనిషికీ ఒక అబద్ధం తూచి ఇస్తున్నాను.

ఇంకొకటి రాయాలా వద్దా అని ఆలోచించాను. ఈ సోమవారం తీగ మీద చలికాలపు బట్టలుంటే నమ్మకంగా ఉంటుందని నీ నీలం ఊలు కోటు కోసం బీరువా వెతికాను. లేదు. పోనీలే, తీసుకెళ్ళావు. డిసెంబరు ఎండలో వెళ్తూ ఊలు కోటు తీసుకెళ్ళావు. వంటింట్లో సూపు కాచుకుందామని నీ పెద్ద రాగి జామ్ గిన్నె వెతికాను. అదీ లేదు. బస్సు దగ్గర నీ పెట్టె ఎత్తబోయి నడుం పట్టేసి, "ఇందులో ఏం పెట్టావు, ఇటుకలా?" అన్నాను గుర్తుందా. ఆ బరువు ఇప్పుడు అర్థమైంది.

నెల్లాళ్ళకి వెళ్ళే మనిషికి జామ్ గిన్నె ఎందుకో. బర్నీలో గిన్నెలు దొరకవేమో.

క్లారీ


బర్నీ
జూలై 2

క్లారీ,

నోరీన్ నాకు ఉత్తరం రాసింది, యారంబూల్ ఇంటి అడ్రసుకే. 'ఎదురింట్లో ఉండి కూడా తలుపు తియ్యవేం, నీకేం అపకారం చేశాను' అని. అది దారి మళ్ళి ఈ ఊరికి వచ్చింది. పోస్టాఫీసుకి నేను ఇచ్చివచ్చిన కాగితం వల్ల. నా ఉత్తరాలన్నీ బర్నీ పంపమని వచ్చే ముందు రోజే రాసిచ్చాను.

చూశావా, ఒప్పుకోవడానికి కూడా పోస్టాఫీసుని అడ్డం పెట్టుకుంటున్నాను. నేరుగా రాస్తాను.

నేను నెల్లాళ్ళకి రాలేదు. ఉండిపోవడానికే వచ్చాను. విన్నీ పడకముందే అనుకున్నాం ఇద్దరం, ఆ పడడం సాకుగా దొరికింది. నువ్వు పెట్టె ఎత్తుతూ ఇటుకలా అన్నావే, అప్పుడు నవ్వాను. అప్పుడే చెప్పాల్సింది. బస్సు కదులుతుంటే కిటికీ దింపి చెబుదామనుకున్నాను. నువ్వు టోపీ తీసి ఊపుతున్నావు. ఎలా చెప్పను?

నువ్వేదో చేశావని కాదు. నువ్వే లేకపోతే రెజ్ పోయాక మొదటి చలికాలం దాటేదాన్ని కాదు. కానీ ఆ ఇంట్లో నేను వారమంతా ఒక్క సాయంత్రం కోసం బతికేదాన్ని. మిగతా రోజుల్లో గిన్నెలు చప్పుడు కాకుండా కడుక్కునేదాన్ని, ఎవరో పడుకుని ఉన్నట్టు. ఇక్కడ విన్నీ గిన్నెలు విసిరేస్తుంది. ఆ మోతకి ప్రాణం లేచొస్తుంది నాకు. నీకిది ఎలా రాయాలో తెలియక, వానలు రాశాను, ఆపిళ్ళు రాశాను.

ఆ రోజు లైబ్రరీలో ఇంటర్నెట్ నెమ్మదేం కాదు. గడ్డమాయన "ఇక్కడ నొక్కండి" అని మూడుసార్లు అన్నాడు. 'ఉంటున్నాను' అని నొక్కకపోతే నీకు తెలిసిపోతుంది. నీకు నిజం చెప్పడం కంటే ప్రభుత్వానికి అబద్ధం చెప్పడం తేలికనిపించింది. నొక్కాను.

దాన్ని మొయ్యడానికి నువ్వు నా నైటీలు ఉతుకుతున్నావు.

సిగ్గుతో చచ్చిపోతున్నాను, క్లారీ. ఇందులోంచి నిన్ను బయట పడెయ్యడానికి నాకొకటే దారి కనపడుతోంది. శనివారం పడవకి టికెట్ తీసుకున్నాను, వాళ్ళొచ్చే సోమవారానికి ముందు శనివారం. వచ్చి ఆ ఇంట్లో కూర్చుంటాను. నా బట్టలు నేనే ఆరేసుకుంటాను. ఆ అప్పు వాయిదాలు తీరేదాకా, నాలుగేళ్ళూ ఉంటాను. 'ఉంటున్నాను' అన్న మాట నిజమైపోతుంది, నువ్వు అబద్ధాలకోరువి కాకుండా పోతావు. విన్నీకి చెప్పాను. ఆ రాత్రి గిన్నెలు మెల్లిగా కడిగింది.

బస్సు దగ్గరికి రా. పెట్టె ఈసారీ బరువే.

డల్సీ


యారంబూల్
జూలై, గురువారం

వదినా,

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు. జాకీ దీన్ని ఫొటో తీసి ఆ గడ్డమాయనకి పంపుతుంది, ఆయన నడిచొచ్చి నీ చేతికిస్తాడు. నువ్వు పడవెక్కే లోపు చేరాలి.

నీ ఉత్తరం అందగానే సంతోషించాను. అది ముందు చెప్పెయ్యాలి. మొదటి సగం చదివినప్పుడు కూర్చుండిపోయాను. రెండో సగం చదివాక లేచి నీ ఇంటికెళ్ళి పొయ్యి ముట్టించాను, మంచం మీద పక్క మార్చాను, కిటికీలు తుడిచాను. నాలుగేళ్ళు! నువ్వు రాసిన మిగతా మాటలన్నీ పక్కనపెట్టి ఆ ఒక్క మాటనే చప్పరిస్తూ వారాలు గడిపాను. నేనలాంటివాణ్ణి. ఇన్ని పుస్తకాలు చదివి నేర్చుకున్నది అదీ.

ఇవాళ పొద్దున నీ పెరట్లో బట్టలు తీస్తున్నాను. పక్క ఊళ్ళో పని తొందరగా తెమిలిందని ప్రభుత్వం మనిషి నాలుగు రోజుల ముందే వచ్చేసింది. మిసెస్ ఫొనోతి అట. సమోవా ఆవిడ, దిట్టమైన మనిషి, నవ్వితే ఇల్లంతా వినపడుతుంది. కప్పు చూసింది, మీటరు చూసింది, నా చేతిలో నైటీ చూసింది.

"మిసెస్ పెంగెలీ ఉన్నారాండీ?"

"ఉంది. అంటే, ఇంట్లో లేదు. వాళ్ళ చెల్లెలి దగ్గరికి బర్నీ వెళ్ళింది."

"ఎప్పుడొస్తారు?"

"శనివారం."

"ఓస్, అంతేనా! చుట్టపుచూపుగా వెళ్ళారన్నమాట. వెళ్ళకూడదని మేమేం అనం," అంది. కలం తీసింది. "నేను ఉంటున్నారనే రాసుకుంటాను. ఈ చలిలో మళ్ళీ ఇంత దూరం నేనెందుకు రావడం, చెప్పండి."

వదినా, నేనేం చెయ్యనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఆవిడే రాసుకుని ఆవిడే వెళ్ళిపోయేది, శనివారం నువ్వు దిగేదానివి. ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. ఆవిడ కలం కాగితం మీద ఆనింది. నాకు విన్నీ గిన్నెలు మెల్లిగా కడగడం గుర్తొచ్చింది. ఆ ముసలావిణ్ణి నేను మీ పెళ్ళిలో చూశాను, అంతే. ఆవిడ గిన్నెల చప్పుడు నాకెందుకు గుర్తు రావాలి?

"రాయకమ్మా," అన్నాను.

"ఏంటి?"

"ఆవిడ ఇక్కడ ఉండట్లేదు. వెళ్ళిపోయింది. డిసెంబర్లోనే వెళ్ళిపోయింది. శనివారం వచ్చేది ఉండాలని కాదు, నన్ను కాపాడాలని."

నోట్లోంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. వెళ్ళిపోయింది. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

మిసెస్ ఫొనోతి కలం పైకెత్తింది. "తాతగారూ, ఇది రాశానంటే నేను మళ్ళీ కొట్టెయ్యలేను. పైవాళ్ళు ఒప్పుకోరు. రాసెయ్యనా?"

"రాసెయ్."

రాసింది. మనంతట మనం చెప్పాం గనక జరిమానా లాంటివేం ఉండకపోవచ్చట. రాయితీ, అప్పు వెనక్కి కట్టెయ్యాలట. ఆ సంగతి నాకొదిలెయ్, దాని గురించి నువ్వొక్క ముక్క రాసినా చింపేస్తాను. వాటిని కప్పు మీదికి ఎక్కించినవాణ్ణి నేను. ఆవిణ్ణి కూర్చోబెట్టి టీ ఇచ్చాను. నోరీన్ తలుపు తట్టకుండా వచ్చేసింది, "డల్సీ గొంతులా లేదే" అంటూ. ఆవిడకీ చెప్పేశాను. స్కోన్లతో సహా. తిట్టింది. బాగా తిట్టింది. "నా స్కోన్లు పన్నెండూ నువ్వే తిన్నావా, దొంగ సచ్చినోడా! వాంతులని నేను నిమ్మకాయలు కూడా పంపానే!" మిసెస్ ఫొనోతి నవ్వలేక కప్పు కింద పెట్టేసింది.

అయిపోయింది. ఇప్పుడు నువ్వు ఏ కాగితం కోసమూ రానక్కర్లేదు, నన్ను ఎందులోంచీ బయట పడెయ్యనక్కర్లేదు. ఇన్ని ఉత్తరాల్లో కోళ్ళనీ, హీటరనీ, రాయితీ అనీ, చలి వస్తోందనీ ఏవేవో అడ్డం పెట్టుకుని అడిగాను. వట్టి మాటగా ఒక్కసారి అడుగుతున్నాను. ప్రభుత్వానికి కాదు, నాకు చెప్పు.

వస్తావా?

క్లారీ


బర్నీ
శుక్రవారం

క్లారీ,

గడ్డమాయన వానలో తడుస్తూ తెచ్చిచ్చాడు. చదివి మంచం మీద కూర్చున్నాను. పెట్టె పక్కనే ఉంది, తాళం కూడా వేసి ఉంది. గుండెల్లోంచి ఎంత పెద్ద ఊపిరి వచ్చిందంటే విన్నీ వంటింట్లోంచి "ఏమైందే?" అంది. ఏం లేదన్నాను. తర్వాత సిగ్గేసింది. నువ్వు అంత కష్టపడి చెప్పిన నిజానికి నాకు కలిగింది హాయి, ముందు అదే కలిగింది. నువ్వు సంతోషించానని రాశావు గనక నేనూ ఇది రాస్తున్నాను.

ప్రభుత్వానికి నేనే వేరేగా రాస్తున్నాను, నొక్కింది నా వేలని. చింపెయ్యడానికి అది నీ దగ్గరికి రాదులే. నోరీన్‌కీ రాస్తాను. అది నన్ను కూడా తిట్టాలి, నీ ఒక్కడికే ఎందుకు ఆ భాగ్యం.

నువ్వు అడిగినదానికి జవాబు.

రాను, క్లారీ.

ఆ మాట రాసి, కలం కింద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి విన్నీ పక్కన నిలబడి గిన్నెలు తుడిచాను. ఏం తుడిచానో తెలియదు. తిరిగొచ్చి చూస్తే అది అలాగే ఉంది. కొట్టెయ్యలేదు.

డల్సీ